తెగిన ముక్కు, తెగిన వ్రేలు

1794వ సంవత్సరము అక్టోబరు మాసమున లండను నగరములో వెలువడిన జెంటిల్మన్స్ మ్యాగజైను అను పత్రికయందు ఒక మనుష్యుని చిత్రపటము అచ్చుపడినది. పటములోనివాడు కావస్జీ అను మరాఠా కాపు. ఆంగ్లేయుల సేన వెంట ఎద్దులను తోలుచు పొట్టపోసికొనుచుండెడివాడు. 1792 నాటి యుద్ధములో టిప్పు సుల్తాను పక్షమువారికి బందీగా చిక్కగా వాని ముక్కు కోయబడినది. ఒక యేడాది కాలము ముక్కు లేకయే తిరిగిన పిమ్మట, పూనాకు సమీపమున ఇటుకలు చేయు కులమువాడొకడు వాని నొసటి చర్మముతోనే వానికి క్రొత్త ముక్కు చేసి పెట్టెను. ఇట్టి శస్త్రమును తాము కన్నులార చూచితిమని బొంబాయి రాజధానికి చెందిన ఆంగ్ల వైద్యులు టామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే అనువారు సాక్ష్యమిచ్చిరి.

శస్త్రవైద్య చరిత్ర వ్రాసినవారెల్లరు ఈ కథను చెప్పుదురు. మనవారును గర్వముతో చెప్పుకొందురు. చెప్పుకొనుట తప్పు కాదు. అయితే అదే పత్రికలో, అదే వాక్యములో నున్న మరియొక మాటను మాత్రము పలువురు దాటిపోవుదురు. కావస్జీకి కోయబడినది ముక్కు ఒక్కటియే కాదు. ఒక చేయి కూడ. ముక్కు తిరిగి వచ్చినది. చేయి రాలేదు. ఎద్దులు తోలువానికి ఆ రెంటిలో ఏది యెక్కువ అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. మేమీ వ్యాసమున ఆ చేతిని గూర్చియే, అందును మిక్కిలి చిన్న భాగమగు వ్రేలికొనను గూర్చియే చెప్పదలచితిమి.

ముందుగా ఆ ఇటుకల పనివాని పనితనమెట్టిదో చూడవలెను. ఏలయన, వ్రేలికొనకు నేడు చేయు శస్త్రములలో పెక్కింటికి మూలసూత్రము అందే యున్నది. అతడు మైనమును పలుచని రేకుగా చేసి, తెగిన ముక్కు మొదలుపై ముక్కు ఆకారమున అమర్చి, పిదప దానిని తీసి చదునుచేసి నొసటిపై పరచి చుట్టును గీత గీచెను. ఆ గీత వెంబడి చర్మమును కోసి లేపెను. కాని కనుబొమల నడుమ సన్నని కాడవలె కొంత చర్మమును మాత్రము తెగకుండ నిలిపెను. లేపిన చర్మమును ఆ కాడపై మెలిద్రిప్పి క్రిందికి దించి, ముక్కు మొదట చేసిన గాటులో ఇమిడ్చి, నీట మెత్తబరచిన కాచును గుడ్డపీలికలపై పూసి అంటించెను. సుమారు 25వ దినమున గాని ఆ కాడను కోయలేదు. అంతవరకు క్రొత్త ముక్కునకు నెత్తురు ఆ కాడ వెంటనే వచ్చుచుండెను.

తోటపని ఎరిగినవారికి ఇది సులభముగ బోధపడును. నారుమడి నుండి నారు పెరికి వేరొకచోట నాటుట ఒక పద్ధతి. తీగను తెంపకయే నేలకు వంచి, మట్టి కప్పి, వేళ్లు పట్టిన తరువాత తల్లితీగ నుండి వేరుచేయు నేలయంటు రెండవ పద్ధతి. ఒకచోట పూర్తిగ కోసి తెచ్చి వేరొకచోట అతికిన చర్మమును ఈ వ్యాసమున నాటుచర్మమనియు, కాడ తెగకుండ తిప్పి అతికినదానిని అంటుచర్మమనియు పిలిచెదము. ఆ పత్రికలోని వార్తవలన ప్రేరితుడై జోసఫ్ కార్ప్యూ అను లండను వైద్యుడు 1814లో అదే శస్త్రమును చేసి, 1816లో గ్రంథము ప్రకటించెను. ఐరోపాఖండమున అది హిందూదేశపు పద్ధతియను పేరనే వ్యాపించినది.

సుశ్రుతసంహితలో సూత్రస్థానమున 16వ అధ్యాయము నందు, ముక్కు కొలతకు ఒక ఆకును కోసికొని ఆ కొలతననుసరించి చెక్కిలి చర్మమును లేపి నాసికను సంధానము చేయుట చెప్పబడియున్నది. ఆ గ్రంథముననే వైద్యుడు కాగోరువాడు శవమును పరిశీలించి శరీరమును తెలిసికొనవలెనని విధింపబడినది. ఇట్టి దేశమున 1836లో మధుసూదన గుప్తుడు కలకత్తా వైద్య కళాశాలలో శవచ్ఛేదము చేయుట ఒక విప్లవముగ తోచినది! నడుమ నేమి జరిగినదో ఊహింపవచ్చును. గ్రంథము చదివినవాడు నెత్తురు తాకిన మైలపడుదునని కత్తిని దూరము చేసికొనెను. కత్తి పట్టినవాడు ఇటుకలు చేసికొను కులమువాడయ్యెను. వానికి గ్రంథము అందలేదు. వాని పేరైనను ఆ పత్రికలో లేదు. బండివాని పేరు మిగిలినది, చూచినవారి పేర్లు మిగిలినవి, చేసినవాని పేరు మాత్రము పోయినది.

ముక్కునకు దొరికిన చికిత్స వ్రేలికి దొరకకపోవుటకు నిజమైన కష్టములు లేకపోలేదు. వాటిని ముందు చెప్పెదము. అయినను గౌరవము విషయమున గూడ భేదము కలదని మా తలంపు. మన భాషలో ముక్కు మానమునకు గుర్తు. శూర్పణఖ కథ మొదలు ఊరి పంచాయతీల వరకు ముక్కు కోయుట యనగా పరువు తీయుట. పరువు పోయినవారు కలవారైనను లేనివారైనను దానిని మరల తెచ్చుకొన యత్నింతురు. వ్రేలు పోవుట అట్టిది కాదు. అది కూలివానికి, చేనేతవానికి, గానుగ తిప్పువానికి వచ్చు కష్టము. ఏకలవ్యుని బొటనవ్రేలు పోయినందుకు కన్నీరు కార్చినవారే గాని, అతడు మరునాడు విల్లు ఎట్లు పట్టెనో విచారించినవారు అరుదు. ఢాకా నేతగాండ్ర బొటనవ్రేళ్లను కంపెనీవారు కోయించిరని మన జనులు చెప్పుకొందురు. 1772లో విలియం బోల్ట్స్ అను కంపెనీ పూర్వోద్యోగి తన గ్రంథమున వ్రాసినది అంతకంటె దారుణము. బెంగాలులో ముడిపట్టు చుట్టు పనివారు ఆ పనికి తమ్మును నిర్బంధింతురను భయముచే తమ బొటనవ్రేళ్లను తామే కోసికొనిరట!

ఇక వ్రేలికొన నిర్మాణము. కడపటి కణుపు ఎముక చివర, గోటికి ఎదురుగ నున్న మెత్తని భాగమునందు క్రొవ్వు ఉన్నది. కాని అది కడుపులోని క్రొవ్వువలె జారునది కాదు. ఎముక నుండి చర్మము వరకు సన్నని నారపోగులు అడ్డముగ నిలిచి ఆ క్రొవ్వును చిన్న చిన్న గదులుగ విభజించుచున్నవి. అందువలననే మనము సూదిని పట్టినప్పుడు చర్మము ప్రక్కకు జారదు. వెనుక గోరు ఆనికగా నిలుచును. గోరు లేని వ్రేలితో నేలపై పడిన కాసును ఎత్తుట కష్టము. వ్రేలికి రెండు ప్రక్కల రెండు ధమనులు, రెండు నరములు వచ్చి కొనయందు కొమ్మలుగ చీలుచున్నవి. 1834లో జర్మను పండితుడు వేబరు వృత్తలేఖిని మొనలను చర్మముపై ఆనించి, ఎంత దూరముననున్న రెండు మొనలను మనుష్యుడు రెండుగ గుర్తింపగలడో కొలిచి ప్రకటించెను. వ్రేలికొనయందు ఆ దూరము రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. వీపుపై కొన్ని సెంటీమీటర్లు. 1852లో మైస్నరు, వాగ్నరు అనువారు చర్మములో స్పర్శను గ్రహించు సూక్ష్మకణములను వర్ణించిరి. అవి వ్రేలికొనలయందు క్రిక్కిరిసియున్నవి. బియ్యములో రాతిని చూడకయే ఏరు గృహిణికి ఈ పండితుల పేర్లు తెలియవు గాని, వారు కనుగొనిన విషయము ఆమెకు దినదినానుభవము.

అయినను చిరకాలము శస్త్రవైద్యులు ఈ విషయమును లెక్కింపలేదు. వ్రేలికొన నలిగిన, తెగిన, బయటపడిన ఎముకను మరికొంత కొరికివేసి మిగిలిన చర్మమును పైకి లాగి కుట్టుట వారి చికిత్స. గాయము మానెడిది, వ్రేలు పొట్టిదయ్యెడిది. 1869లో రెవర్డెన్, 1874లో టీర్ష్, 1875లో ఉల్ఫ్ అనువారు నాటుచర్మమునకు మార్గములు చూపిన తరువాత, తొడ చర్మమునో ముంజేతి చర్మమునో తెచ్చి వ్రేలికొనకు అతుకుటయు సాగినది. వ్రేలు పొడవు దక్కినది. కాని అతికిన చర్మము పలుచనిది, క్రింద క్రొవ్వు లేదు, స్పర్శ అంతంతమాత్రము. పనిలో అది మాటిమాటికి పగులును. పూర్వమునకు ఇది మెరుగే. పూర్తి ఫలము మాత్రము కాదు.

ఇరువదవ శతాబ్దిలో ఇటుకల పనివాని సూత్రము వ్రేలి దగ్గరకు వచ్చినది. 1926లో గేట్‌వుడ్ అను అమెరికా వైద్యుడు గాయపడిన వ్రేలిని అరచేతిలోనికి మడచి, బొటనవ్రేలి మొదటి మెత్తనుండి అంటుచర్మమును లేపి దానికి కుట్టెను. 1950లో గర్డిన్, పాంగ్‌మన్ అనువారు పొరుగు వ్రేలి వెనుకటి చర్మమును పుస్తకపు పుటవలె తిప్పి గాయముపై పరచు పద్ధతిని ప్రకటించిరి. రెండు మూడు వారములు ఆ రెండు వ్రేళ్లు జంటగ నుండును. నెత్తురు దారి కుదిరిన తరువాత విడదీయుదురు. నొసలు ముక్కునకు చేసిన ఉపకారమును ఇచ్చట నడిమివ్రేలు చూపుడువ్రేలికి చేయుచున్నది. మంచి మెత్త ఏర్పడును. దోషమేమనగా, వ్రేళ్లు వారాల తరబడి కదలకుండుటచే కీళ్లు బిగిసికొనుట గలదు, ముఖ్యముగ పెద్దవయసువారికి. మరియు వ్రేలి వెనుకటి చర్మముపై రేఖలుండవు. వ్రేలిముద్రయే సంతకముగ గల మన దేశమున ఇది చిన్న మాట కాదు. 1858లో విలియం హెర్షెల్ బెంగాలులో ఒక ఒడంబడిక పత్రముపై చేతిముద్ర వేయించినది మొదలు, 2015 ప్రాంతమున ఆంధ్రదేశపు చౌకధరల దుకాణములలో వ్రేలు ఆనించి బియ్యము పుచ్చుకొను యంత్రములు వచ్చువరకు, ఈ రేఖలతో మన బీదలకు గల సంబంధము పెరిగినదే గాని తరగలేదు.

ఈ పద్ధతులన్నిటిలో మాకు మిక్కిలి ముచ్చటైనదిగ తోచునది 1935లో ట్రాంక్విల్లి లెయాలి అను ఇటలీ వైద్యుడు ప్రకటించినది. అడ్డముగ తెగిన వ్రేలికి, అరచేతి వైపున గాయపు అంచు నుండి కణుపు ముడత వరకు నాగటి కర్రు ఆకారముగ, మొన క్రిందికి వచ్చునట్లు, చర్మమును కోయుదురు. పైచర్మము మాత్రమే తెగును. దాని క్రింది క్రొవ్వును, అందలి నాళములను, నరములను తెంపరు. ఎముకకు పట్టియున్న నారపోగులను మాత్రము విడిపింతురు. అప్పుడా ముక్క ముందుకు జరిగి ఎముకను కప్పును. వెనుక ఏర్పడిన సందును రెండు ప్రక్కలనుండి దగ్గరకు లాగి నిలువుగీతగ కుట్టుదురు. ఇచ్చట వేరొకచోటి చర్మము అరువు తెచ్చుట లేదు. వ్రేలి చర్మమే, తన రేఖలతో, తన నరములతో ముందుకు నడచినది. 1947లో కుట్లరు అనునతడు ఇట్టివే రెండు చిన్న ముక్కలను వ్రేలి ఇరుప్రక్కల నుండి తెచ్చెను. 1970లో అమెరికాలోని లూయివిల్ నగరమున అటసోయ్ అను తురుష్క వైద్యుడు, అతని సహచరులు ఇటలీవాని పద్ధతిని ఆంగ్లమున ప్రకటింపగా అది అటసోయ్ పేరనే ప్రసిద్ధమైనది. ఆంగ్లమున వ్రాయని ఫలము వ్రాసినవానికి దక్కకపోవుట మన పండితులకు క్రొత్త సంగతి కాదు. ఈ పద్ధతికి ఒక హద్దు కలదు: చర్మము ఒక సెంటీమీటరునకు మించి జరగదు. గాయము అరచేతి వైపుననే ఏటవాలుగ పోయినచో ముందుకు జరుపుటకు చర్మమే మిగులదు. అప్పుడు పొరుగు వ్రేలినే ఆశ్రయింపవలెను.

స్పర్శ లేని వ్రేలు ఏమగునో లోకమునకు స్పష్టముగ చూపినది మన పొరుగుననే యున్న వేలూరు. ఆ పట్టణపు క్రైస్తవ వైద్య కళాశాలకు మన తెలుగుజిల్లాల రోగులు ఏనాటినుండియో పోవుచున్నారు. 1946లో అచ్చటికి వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠరోగుల చేతులను పరీక్షింప మొదలిడెను. కుష్ఠము వ్రేళ్లను తినివేయుననియు, మాంసము కుళ్లి రాలిపోవుననియు అప్పటివరకు లోకుల నమ్మకము. వైద్యులలో గూడ పలువురి నమ్మకము. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమును బ్రాండు తీయలేకపోగా, ప్రక్కనున్న రోగి, ఒక బాలుడు, తాళపుచెవిని సులభముగ త్రిప్పెను. నేలపై నెత్తుటి చుక్కలు పడినవి. చూడగా వాని వ్రేలు ఎముక కనబడునంతగ తెగియున్నది. బాలునికి మాత్రము తెలియనేలేదు. వాని బలమునకు హద్దు చెప్పు నొప్పి లేదు. బ్రాండు, అతని సహచరులు గాయములను ఒక్కొక్కటిగ విచారించిరి. కొన్ని పొయ్యిమీది పాత్రను గుడ్డ లేక దింపుటచే కలిగినవి. కొన్ని రాత్రి నిద్రలో ఎలుకలు కొరుకుటచే కలిగినవి. ఇండ్లకు పోవు రోగులకు పిల్లిని పెంచుకొమ్మని చెప్పుట ఆ చికిత్సలో భాగమైనది. వ్రేళ్లు రాలిపోవుట లేదు. స్పర్శ పోయిన వ్రేళ్లను రోగి తెలియక పోగొట్టుకొనుచున్నాడు. ఎన్ని యుగములుగనో దైవశాపమనియు, పూర్వకర్మయనియు మనము ఊరివెలుపలికి నెట్టిన మనుష్యుని కథ ఇది. వాని వ్రేళ్లను తినినది పాపము కాదు. కాలిన గిన్నె, ఎలుక, మన నిర్లక్ష్యము.

ఇంచుమించు ఆ కాలముననే స్వీడనులో ఎరిక్ మోబెర్గ్ అను వైద్యుడు కుట్టి బాగుచేసిన చేతులను మరల పిలిపించి పరీక్షించెను. రోగి కన్నులకు గంత కట్టి, బల్లపై మేకులు, నాణెములు, మరలు పోసి ఒక్కొక్కటి ఎత్తి డబ్బాలో వేయుమనుట అతని పరీక్ష. చూచుటకు చక్కగా మానిన వ్రేళ్లు అనేకము ఈ పరీక్షలో ఓడిపోయినవి. స్పర్శ లేని చేయి గ్రుడ్డిదని అతని సిద్ధాంతము. 1964లో అతడు బొటనవ్రేలికొనకు, రెండు ప్రక్కల నరములను తెంపకుండ అరచేతి వైపు చర్మమునంతయు ముందుకు జరుపు పద్ధతిని ప్రకటించెను. అమెరికాలో లిట్లరు మరియొక త్రోవ త్రొక్కెను. ఉంగరపు వ్రేలి ప్రక్కనుండి ఒక చర్మపు ముక్కను దాని నరము, నాళములే కాడగా అరచేతి క్రిందుగ నడిపించి బొటనవ్రేలికొనకు చేర్చెను. స్పర్శ వచ్చినది, అయితే బొటనవ్రేలిని ముట్టినపుడు ఉంగరపు వ్రేలిని ముట్టినట్లు రోగికి తోచును! చర్మము ఇల్లు మారినను మెదడులో దాని పాత చిరునామా చెరగలేదు.

1965లో జపానులోని నారా ప్రాంతమున కొమట్సు, తమయి అనువారు సంపూర్ణముగ తెగిపడిన బొటనవ్రేలిని సూక్ష్మదర్శిని క్రింద నాళములు కుట్టి మరల బ్రతికించిరి. 1968లో దానిని ప్రకటించిరి. తలవెంట్రుక కంటె సన్నని దారముతో, మిల్లీమీటరు వెడల్పైనను లేని నాళములను కుట్టు విద్య అప్పటినుండి పెరిగి, నేడు వ్రేలికొనల వరకు వచ్చినది. కావస్జీ కాలమున చేతిని అతుకలేకపోవుటకు సూక్ష్మదర్శిని, ఈ దారము, మత్తుమందు లేకపోవుటయే ముఖ్యకారణమని ఒప్పుకొనవలెను.

పిల్లల విషయమున కథ వేరొక మలుపు తిరిగినది. తలుపు సందున నలిగి వ్రేలికొన తెగిన బిడ్డలకు కుట్లు వేయక, గాయమును శుభ్రపరచి కట్టు కట్టి ఊరకుండినచో, కడపటి కీలునకు పైన తెగిన కొనలు ఆశ్చర్యకరముగ తిరిగి పెరుగుచున్నవని ఇంగ్లండులోని షెఫీల్డ్ బాలవైద్యశాలనుండి సింతియా ఇల్లింగ్‌వర్త్ అను వైద్యురాలు 1974లో వ్రాసెను. గోటి మొదలు నిలిచియుండుట ఇందుకు కీలకమని తరువాతి పరిశోధనలు తెల్పినవి. పెద్దవారికిని, ఎముక బయటపడని చిన్న గాయములలో తడి ఆరని కట్టుతో మాన్పుట నేడు ఆదరింపబడుచున్నది.

ఇన్ని పద్ధతులు తెలిసిన తరువాత గూడ ఏది చేయవలెనను ప్రశ్న కత్తితో తేలునది కాదు. దినకూలివానికి మూడువారములు రెండు వ్రేళ్లు జంటగ కుట్టి కూర్చుండబెట్టుట యనగా మూడువారముల అన్నము. అతడు ఎముక కొంచెము కొరికి కుట్టివేయుడు, వచ్చే వారము పనికి పోవలెను అనినచో వానిని అజ్ఞానియని మేము తలపము. అట్లని నేతగానికి, దర్జీకి, వీణ వాయించువానికి అదే చికిత్స చేయుట అన్యాయము. చట్టమైనను ఈ భేదమును గుర్తించినదా? 1923లో మన దేశమున వచ్చిన పనివారి నష్టపరిహార చట్టమునకు తరువాత చేర్చిన పట్టికలో బొటనవ్రేలు పూర్తిగ పోయిన సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లును, ఎముక పోకుండ చూపుడువ్రేలికొన తెగిన 5, నడిమివ్రేలికొన తెగిన 4, ఉంగరపు వ్రేలికొనకో చిటికెనవ్రేలికొనకో 2 వంతులు పోయినట్లును లెక్క కట్టిరి. ఏ లెక్కయు లేని కాలముతో పోల్చిన ఇది గొప్ప మేలే. కాని ఆ పట్టిక కొలిచినది ఎముకను. ఎముక నిలిచి స్పర్శ పోయిన కొనకు అందు వరుస లేదు. వేలూరులోను, స్వీడనులోను తెలిసిన సత్యము ఆ పట్టికలో చేరలేదు.

మన పల్లెలలో చెరకుగానుగ, గడ్డికోత యంత్రము, పిండిమర దగ్గర వ్రేలు తెగినప్పుడు పసుపో, సున్నమో, కాఫీపొడియో అద్ది బిగించి కట్టుట నేటికిని కలదు. తెగిన తునకను పారవేయుట కూడ కలదు. ఈ పొడులను గాయమునుండి కడిగి తీయుటకే వైద్యునికి ఎంతో సమయము పట్టును. అందు కొన్ని చర్మమును కాల్చును. చేయవలసినది ఇంతే. గాయముపై శుభ్రమైన గుడ్డ అదిమి చేతిని పైకెత్తి ఉంచవలెను. తెగిన తునకను ఎంత చిన్నదైనను తీసి, శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డలు కలిపిన నీటిలో ఉంచి వైద్యశాలకు తీసికొనిపోవలెను. వ్రేలిలో కండ లేదు గనుక, చల్లగ ఉంచిన తునక ఒక దినము వరకు గూడ అతుకుటకు పనికివచ్చుట కలదు. తునకను నేరుగ మంచుపై పెట్టిన మాత్రము గడ్డకట్టి చెడిపోవును.